చుక్కను మోసే కడ్డీ

పోయిన నెల పాత ఇనుము కొనే ఒకాయన మా ఇంటి ముందు ఆటో ఆపి, గోడవార పడివున్న దాగలిని చూపించి, అమ్ముతారా అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే చేతిలో ఉన్న స్పానర్‌తో దాని నెత్తిన ఒకటి కొట్టాడు, మంచి ఇనుమో కాదో తేల్చుకుందామని కాబోలు. ఆ మోత వినగానే నా నోరు మూతపడింది. ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఆ దిమ్మె ముందు నిలబడి సమ్మెట ఎత్తడం మానేసి ఏళ్ళు గడిచాయి. అయినా అది మోగితే మాట ఆపాలన్న భయం నా ఒంట్లోంచి ఇంకా పోలేదు. ఆయన ఇంకో రెండుసార్లు అడిగి, ఈమెకు చెవుడేమో అన్నట్టు చూసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నా నోటికి తాళం లేదని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

నేను పుట్టింది అచ్చంపేట పక్క పల్లెలో, వడ్లవాళ్ళ ఇంట్లో. మా నాయిన బాడిశతో కర్ర చెక్కుతూనే ఊరి సంగతులన్నీ చెప్పేవాడు, వినేవాళ్ళు అరుగు నిండా ఉండేవాళ్ళు. పొద్దున లేచిన కాడి నుంచి పడుకునే దాకా ఆ ఇంట్లో మాట ఆగేది కాదు. మా అవ్వ నన్ను చూసి, "దీన్ని చేసుకునేటోడు చెవుల దూది పెట్టుకోవాలె" అనేది. అలాంటి నన్ను తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండ దగ్గరి ఒక కమ్మరి ఇంటికి కోడలిగా ఇచ్చారు. ఆ ఇంట్లో పని మొదలైందంటే మనుషులు మాట్లాడరు. అది మా మామ వీరాచారి పెట్టిన కట్టడి. ఇనుము కొలిమిలోంచి బయటికొచ్చాక చల్లారేలోపు పదో పన్నెండో దెబ్బలు పడతాయి, అంతే. ఆ కాసేపట్లో ఒక మాట మాట్లాడితే ఒక దెబ్బ తప్పుతుందని ఆయన నమ్మకం. ఎడమ చేత పట్టకారు, కుడి చేత చిన్న సుత్తె పట్టుకుని కూర్చునేవాడు. ఆయన సుత్తె ఎక్కడ తాకితే అక్కడ నా సమ్మెట పడాలి. దాగలి మీద ఉత్తగా రెండుసార్లు తడితే దెబ్బ గట్టిగా వెయ్యాలి. సుత్తెను పక్కకు పడుకోబెడితే ఆపాలి. "సమ్మెట పట్టినోళ్ళు నోరు తెరువద్దు. కొలిమి ఆరినంక ఎంతన్న మాట్లాడుకోండ్రి" అన్నాడు మొదటిరోజే. కొలిమి ఆరేసరికి మాట్లాడే ఓపిక ఎవరికి మిగిలేది గనక.

తెల్లవారగానే అత్త కొలిమి పాక ఊడ్చి నీళ్ళు చల్లేది. తడిసిన బూడిద వాసన, తుమ్మ బొగ్గు వాసన, గోడకు వేలాడే పట్టకారులకు రాసిన ఆముదం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడి బూడిద వాసన తగిలితే నాకు అత్త చీపురు చప్పుడు గుర్తొస్తుంది. మామ తానం చేసి వచ్చి, చెప్పులు బయట విడిచి, దాగలికి బొట్టు పెట్టి కూర్చునేవాడు. మొదటి కాక, అంటే ఇనుమును ఒకసారి కాల్చి కొట్టడం, అయ్యేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. అత్త ఎదురుగా కూర్చుని కొలిమికి గాలి కొట్టే చేతి పంకా తిప్పేది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆమే సమ్మెట కొట్టింది. ఇక ఎత్తలేకపోయినప్పుడు, నేను ఆ ఇంటికి వచ్చిన ఆరు నెలలకు, అది నా చేతికి వచ్చింది. ఇచ్చేటప్పుడు కూడా ఏమీ చెప్పలేదు. కర్రను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. కమ్మరిళ్ళల్లో ఆడవాళ్ళు సమ్మెట కొట్టడం వింతేమీ కాదు, వడ్లవాళ్ళ పిల్ల ఎత్తగలదా అన్నదే వాళ్ళ అనుమానం. రెండు నెలలు అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోయాను. ఎవరి మీదో పంతం పట్టినట్టు కొట్టాను. మూడో నెలకు చెయ్యి దారికొచ్చింది.

మా ఆయన శ్రీధర్ మాత్రం ఆ దాగలి ముందు ఎన్నడూ కూర్చోలేదు. దేవరకొండలో గేట్లు, కిటికీ గ్రిల్లులు వెల్డింగ్ చేసే దుకాణంలో పనిచేసేవాడు. సొంత దుకాణం పెట్టుకోవాలని ఆయన కోరిక. దానికి రోడ్డు పక్కనున్న కొలిమి జాగా కావాలి. ట్రాక్టర్లు వచ్చాక నాగలి కర్రులు చేయించేవాళ్ళు లేరు, నాలుగు కొడవళ్ళకూ రెండు గడ్డపారలకూ ఇంత జాగా ఎందుకని రోజూ సణిగేవాడు. మామ చెవిన పెట్టేవాడు కాదు. తండ్రికి చెప్పాల్సింది కొడుకు నాతో చెప్పేవాడు, కొడుక్కు చెప్పాల్సింది తండ్రి అత్తతో చెప్పేవాడు. మధ్యలో అన్నం గిన్నె మా ఇద్దరి చేతుల మీదుగా తిరిగేది.

క్రిస్మస్ ఇంకా పదిహేను రోజులుందనగా ఏసోబు వచ్చాడు. ఊరి చివర చర్చి కట్టిన మేస్త్రి ఆయనే, అక్కడి సంఘానికి పెద్ద కూడా. ఆయన తండ్రి కాలంలో వాళ్ళ వాడవాళ్ళు మా కొలిమి బయటే నిలబడేవాళ్ళట. పదును పెట్టిన కొడవలిని నేల మీద పెడితే తీసుకుపోయేవాళ్ళట. ఏసోబు మాత్రం నేరుగా లోపలికొచ్చి మొద్దు మీద కూర్చున్నాడు. మామ అత్తకు చాయ్ పెట్టమని సైగ చేశాడు.

"చారన్నా, గుడి మీద చుక్క నిలవెట్టాలె. నిరుడు పైపు పెడ్తే గాలికి ఒరిగింది, నీకెరుకే గద" అన్నాడు ఏసోబు. ఆ పైపు వెల్డింగ్ చేసి ఇచ్చింది మా ఆయనే.

"ఎంత పొడుగు గావాలె?"

"నీకంటె మూరెడు పొడుగు. కింద మనికట్టంత లావు, పోను పోను సన్నగయ్యి మీద చిటికెనవేలంత. అతుకు ఉండొద్దు. దూరం నుంచి చూస్తే చుక్క ఉత్తగనే ఆకాశంల నిలవడ్డట్టు కానరావాలె. కింద మా పిల్లలు కూసొని పాటలు పాడ్తరు, జర పదిలంగుండాలె."

 మామ బొగ్గు ముక్క తీసి గోడ మీద ఒక గీత గీశాడు, కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. ఆయన నలభై ఏళ్ళుగా చేసినవన్నీ నేలను పొడిచేవే, కంపను నరికేవే. చూసి సంతోషపడటానికి ఏదైనా చెయ్యమని అడిగిన మొదటి మనిషి ఏసోబు. ఆ రోజు మామ అన్నం తింటున్నప్పుడు కూడా కంచంలో వేలితో అదే గీత గీయడం నేను చూశాను.

సాయంత్రం శ్రీధర్‌కు సంగతి తెలిసింది. ఆ రోజు మాత్రం మధ్యలో మేం అక్కర్లేకుండానే నేరుగా తండ్రితో మాట్లాడాడు. "మూడు పైపులు ఒకదాన్లొకటి దూర్చి వెల్డింగ్ కొడ్త, ఒక్క పూట పని. గీ వయసుల ఇనుము సాగగొట్టుడేంది నాయినా?"

"నిరుడు కొడ్తివి గద" అన్నాడు మామ.

శ్రీధర్ మొహం మాడిపోయింది. మామ అక్కడితో ఆగితే బాగుండేది. "గీ కడ్డీ తప్పు పోతే నేనే కొలిమిల నీళ్ళు పోస్త. జాగా నువ్వే తీస్కో" అన్నాడు. శ్రీధర్ నా వైపు తిరిగి, "విన్నవా? నువ్వే సాక్షి" అన్నాడు. అడక్కుండానే నన్ను సాక్షిని చేసినందుకు ఆ పూట ఇద్దరి మీదా నాకు సమానంగా కోపం వచ్చింది.

మామ హైదరాబాద్ రోడ్డు మీది పాత సామాన్ల కొట్టు నుంచి లారీ ఇరుసు ఒకటి తెచ్చాడు. మంచి ఉక్కు. దాన్ని సాగగొట్టడానికి ఆరు రోజులు పట్టింది. ముందు నాలుగు పలకలుగా కొట్టాలి, తర్వాత ఎనిమిది పలకలు చెయ్యాలి, ఆ తర్వాతే గుండ్రం. ఒక కాకకు బెత్తెడు మేర కూడా కదిలేది కాదు. ఒక దెబ్బ ఎక్కువ పడితే అక్కడ నడుము పడినట్టు సన్నబడుతుంది, దాన్ని సరిచెయ్యాలంటే పొడుగంతా మళ్ళీ కొట్టాలి. రోజూ పని అయ్యాక మామ కడ్డీ పొడుగునా నా చేత దారం పట్టించి, వంకర ఉన్నచోట వేలు పెట్టించి చూసుకునేవాడు. ఇనుమును కొలిమిలోంచి తీసిన ప్రతిసారీ చెంప దగ్గరికి తెచ్చుకుని, వేడి తగిలాక దాగలి మీద పెట్టేవాడు. పెద్ద పనికి పెద్ద జాగ్రత్త అనుకున్నాను. మూడో రోజు నుంచి నాకూ ఆ కడ్డీ మీద ప్రేమ పుట్టింది. నా సమ్మెట కింద ఒక వస్తువు అంత నిదానంగా, అంత సాఫుగా సన్నబడుతుంటే, తప్పు నా చేత జరగొద్దని ఊపిరి బిగబట్టి కొట్టేదాన్ని. రాత్రి పడుకుంటే భుజాలు ఇంకా లేస్తూ దిగుతూ ఉన్నట్టే ఉండేది.

ఆరో రోజు పొద్దు వాలుతుండగా ఆఖరి కాక, మొనకు. చిన్న సుత్తెతో మామ ఒక్కడే కొట్టాడు, నేను సమ్మెట దించి నిలబడ్డాను. చిటికెనవేలంత మొన తిరిగింది. మామ దాన్ని పైకెత్తి, ఇటు తిప్పి అటు తిప్పి, మళ్ళీ ఒకసారి కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చాడు. కొలిమిలోంచి తీశాడు. తీసిన చెయ్యి అలాగే పక్కకు వంగి, మొనను రాతి తొట్టిలోని నీళ్ళల్లో ముంచింది. సుయ్యిమంది. పైకి తీసి బట్టతో తుడిచి, గోడకు ఆనించి, తృప్తిగా కూర్చున్నాడు.

 గడ్డపార చేసినా కర్రు చేసినా చివరన మొనకు నీళ్ళు చూపిస్తారు. అలా చేస్తే మొన గట్టిపడుతుంది, రాయికి తగిలినా వంగదు. కానీ గట్టిపడిన ఉక్కు గాజులాగా విరుగుతుంది కూడా. అందుకే గడ్డపార మొనను కొద్దిగా ముంచి తీస్తారు, వెనకనున్న వేడి మళ్ళీ మొనలోకి పాకి దాన్ని కొంచెం మెత్తబరుస్తుంది. ఇంత సన్నటి కడ్డీలో వెనక వేడి ఎక్కడిది? జానెడు మేర పూర్తిగా చల్లబడిపోయింది. దీనికి అసలు నీళ్ళే వద్దు, బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనివ్వాలి. గాలికి ఊగినప్పుడు వంగి మళ్ళీ నిలబడాలి కదా. ఈ సంగతి మామే రెండు రోజుల ముందు ఏసోబుకు చెప్పాడు. ఇప్పుడు ఆయన చేత్తోనే ముంచాడు, ముంచినట్టు ఆయనకే తెలియలేదు. నలభై ఏళ్ళుగా మొన అన్నదాన్నల్లా నీళ్ళల్లో ముంచిన చెయ్యి అది. నేను నోరు తెరిచాను. కొలిమి ఇంకా ఆరలేదు. మూసుకున్నాను.

అత్త పంకా తిప్పడం ఆపి ఆ తొట్టి వైపే చూస్తోంది. గిన్నెలు తోమేచోట ఆమెను పట్టుకున్నాను.

"అత్తా, మామ మొనకు నీళ్ళు చూపించిండు."

"చూసిన."

"మరి చెప్తవా?"

"కొలిమిల సంగతి కొలిమిలనే ఉండాలె" అని బూడిదతో గిన్నె రుద్దుతూ కూర్చుంది.

"పిల్లల నెత్తి మీద పడ్తే ఎట్ల?"

అత్త ఆ గిన్నె బోర్లించి ఇంకొకటి అందుకుంది. ఆమె మీద నాకు వచ్చినంత కోపం ఆ ఇంట్లో ఇంకెవరి మీదా ఎన్నడూ రాలేదు. శ్రీధర్‌కు చెప్దామా అంటే, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. చెప్పిన మరుక్షణం కొలిమి పోతుంది, ముసలాయన ముఖం ఎత్తుకోలేడు. చెప్పకపోతే, ఒక పెద్ద గాలి వీచిన రోజున పసిపిల్లంత బరువున్న ఇనుప చుక్క చాపల మీద కూర్చున్నవాళ్ళ మీదికి వస్తుంది. నేనే తీసి పొయ్యిలో పెట్టి మెత్తబరుద్దామా అనుకున్నాను. మామ ఆ కడ్డీ పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. శ్రీధర్ ఇంటికొచ్చి, "ఎట్లొచ్చింది?" అని అడిగితే, "మంచిగనే వచ్చింది" అన్నాను. పెళ్ళయ్యాక మా ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

మర్నాడు పొద్దున ఏసోబు నలుగురు మనుషులతో వచ్చాడు. మామ కొత్త రుమాలు తలకు చుట్టుకున్నాడు. కడ్డీకి పసుపు రాసి, కొబ్బరికాయ పట్టుకుని, వాళ్ళ గుడికి పోయేదానికి కొట్టొచ్చో లేదో అని ఆగాడు. "కొట్టన్నా, నువ్వు చేసినవ్, నీ తీరు నీది. ఆడ మేం మా తీరుగ ప్రార్థన చేసుకుంటం" అన్నాడు ఏసోబు. కడ్డీని భుజాల మీద పెట్టుకుని ఊరి మధ్యలోంచి నడిచారు. వెనక మామ, అత్త, శ్రీధర్, అందరికన్నా వెనక నేను. ఇళ్ళల్లోంచి మనుషులు బయటికొచ్చి చూశారు. చారి చెయ్యి చెయ్యేనని ఎవరో అన్నారు. మామ వినపడనట్టు నడిచాడు గానీ వీపు నిటారైంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

చర్చి దగ్గర గోడవెంట కర్రలు కట్టి మంచె వేశారు. ఎర్ర పలకలు బిగించిన చుక్క నేల మీద ఉంది, కడ్డీ దూర్చడానికి దానికి కింద ఒక కడెం, పైన ఒక కడెం. ఆ పై కడెం బరువంతా జానెడు మొన మీదే. ముగ్గురు ఆడపిల్లలు నవ్వుకుంటూ సరిగ్గా ఆ గోడ కిందే చాపలు పరుస్తున్నారు. ఏసోబు మంచె ఎక్కడానికి చెప్పులు విడిచాడు. ఇద్దరు చుక్కను ఎత్తి కడ్డీకి తొడగబోయారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల వైపు చూస్తోంది. ఇక నా వల్ల కాలేదు.

"మామా, మొనకు నీళ్ళు చూపించినవ్."

మెల్లగానే అన్నాను. అందరికీ వినబడింది. చుక్క ఎత్తినవాళ్ళు అట్లాగే ఆగారు.

"ఏందీ?" అన్నాడు మామ.

"నిన్న ఆఖరి కాకకు. తొట్టిల ముంచినవ్. జానెడు."

"లేదు" అన్నాడు. నా వైపు కాదు, ఎటో చూస్తూ అన్నాడు. "నేనెందుకు ముంచుత? పాగల్ గాన్నా?"

"ముంచినవ్ మామా. నేను చూసిన."

ఆయన మొహం నల్లబడింది. కొడుకు ముందు, ఏసోబు ముందు, ఊరందరి ముందు, కోడలు ఆయన చేతిని తప్పు పట్టింది. కొడతాడేమో అనుకున్నాను. ఆయన కడ్డీని ఆ మనుషుల చేతుల్లోంచి లాక్కుని, గోడ పక్కనున్న రెండు బండల సందులో మొన దూర్చి, లావు చివరను రెండు చేతులా పట్టి పక్కకు ఒత్తాడు. మంచిదైతే వంగాలి. టక్కుమని ఒక చిన్న చప్పుడైంది. జానెడు ముక్క బండల సందులోంచి ఎగిరి చాప మీద పడింది. పరుస్తున్న పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

 మామ అత్త వైపు తిరిగాడు. "నువ్వు గూడ చూసినవా?"

"చూసిన."

"చెప్పకపోతివేంది?"

"ముప్పై ఏండ్ల సంది చెప్పొద్దంటివి గద" అంది అత్త. కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

శ్రీధర్ ఒకడుగు ముందుకేశాడు. నేను చెయ్యి పట్టి ఆపాను, ఇప్పుడు గనక ఒక్క మాటన్నావంటే నేను మా అచ్చంపేట బస్సెక్కుతానని చెవిలో చెప్పాను. తర్వాత ఆయన ప్రమాణం చేసి చెప్పాడు, తండ్రిని ఏమైనా అందామని కాదట, కింద పడబోతాడేమో పట్టుకుందామని కదిలాడట. నేను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతాను. ఏసోబు మాత్రం ఆ ముక్కను ఏరి, వేలితో తడిమి, మామ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "చారన్నా, పొద్దు మస్తున్నది. చుక్క వెలిగేది పొద్దుమూకినంకనే. జానెడు పొట్టిగైతే ఏం ఫికర్ లేదు, మల్ల మొన తియ్యి" అన్నాడు.

తిరిగి కొలిమి వెలిగించేసరికి మధ్యాహ్నమైంది. అత్త పంకా తిప్పింది. నేను సమ్మెట పట్టుకుని నిలబడ్డాను. కడ్డీ నిప్పుల్లో ఉంది, ఎర్రబడింది, కొట్టాల్సిన రంగు దాటిపోతోంది కూడా. మామ తియ్యడం లేదు. కొలిమి వైపు చూస్తూ కూర్చున్నాడు. సమ్మెట పట్టినోళ్ళు నోరు తెరవొద్దన్న మనిషే అన్నాడు చివరికి, "నాకు రంగు కానొస్తలేదు. బొగ్గు, ఇనుము ఒక్కతీరుగనే కానొస్తున్నయి."

ఇనుమును చెంప దగ్గరికి ఎందుకు తెచ్చుకునేవాడో అప్పుడు నాకు అర్థమైంది. కళ్ళు పోతున్నకొద్దీ చేతులకు అలవాటైన పద్ధతిలోనే అంతా లాక్కొస్తున్నాడు. చేతులకు తెలిసింది ఒకటే, మొన అయితే నీళ్ళు.

"ఎరుకే" అంది అత్త.

"ఎప్పటి సంది?"

"రెండేండ్లు."

"మరి నువ్వెందుకు దాసినవే?"

"నువ్వు దాస్తాంటివని."

మామ తల దించుకున్నాడు. కాసేపటికి, "సుగుణా, రంగు నువ్వు చెప్పు బిడ్డా" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదలు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మామ కడ్డీ తీసి చల్లారనిచ్చి, మళ్ళీ నిప్పుల్లో పెట్టాక, "దానిమ్మ గింజ" అన్నాను. "ఇగ మోదుగు పువ్వు. తియ్యి మామా."

"మోదుగు పువ్వేంది?" అన్నాడు, తీస్తూనే.

"మనం కొట్టే రంగు."

"దాన్ని నేను గుమ్మడిపువ్వంట."

"పండు మిరపకాయ గద" అంది అత్త.

"మిరపకాయకు కొడ్తే ఇనుము కదుల్తదా?"

"ముప్పై ఏండ్లు మిరపకాయకే కొట్టిన. కదలకపోయెనా?"

ఒకే నిప్పు ముందు అన్నేళ్ళు కూర్చుని, ఒకే రంగుకు ఎవరి పేరు వాళ్ళు మనసులోనే పెట్టుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అప్పుడు నవ్వొచ్చింది గానీ, తర్వాత తలచుకున్నప్పుడల్లా నాకు దుఃఖమే వచ్చింది. మొన తిరిగాక ఆఖరుసారి కాల్చి తీసినప్పుడు మామ చెయ్యి మళ్ళీ దానంతటదే తొట్టి వైపు వంగింది. "వద్దు" అన్నాం అత్తా నేనూ ఒక్కసారే. చెయ్యి గాలిలో ఆగింది. అత్త లేచి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, బూడిద కుప్ప దాకా తీసుకుపోయి, మొనను అందులో పాతించింది. చల్లారేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం.

మామ మాట తప్పే మనిషి కాదు. పండుగ వెళ్ళిన వారానికి తొట్టిలోని నీళ్ళు తీసి కొలిమిలో పోశాడు. వద్దని ఈసారి శ్రీధరే అన్నాడు, వినలేదు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతే ఒక కంటికి ఆపరేషన్ చేశారు, కొంత చూపు వచ్చింది. రెండోది ఎన్నో ఏళ్ళ నిప్పుకు కాలిపోయిందన్నారు. ఇప్పుడు ఆ జాగాలో మా వెల్డింగ్ దుకాణం ఉంది. నేను కూడా గ్రిల్లులు కోస్తాను, నలుగురు పనివాళ్ళు రోజంతా ఫోన్లలో పాటలు పెట్టుకుని అరుచుకుంటూ పనిచేస్తారు. తిట్టుకుంటారు, తప్పయితే తప్పంటారు, ఒకడు కోసింది ఇంకొకడు కొలుస్తాడు. పని అంటే ఇట్లాగే ఉండాలని నాకు తెలుసు. అయినా మామ సుత్తె తాకిన చోట నా సమ్మెట పడినప్పటి ఆ నిశ్శబ్దం లాంటిది ఈ గోలలో ఎక్కడా దొరకదు. నేను ఆ రోజు చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు కొలిమి ఉండేదేమోనని మామ పోయినప్పుడు ఏడ్చాను. చెప్పినందుకు మాత్రం ఎన్నడూ ఏడవలేదు.

మళ్ళీ మొన తీసిన ఆ సాయంత్రం చీకటి పడుతుండగా చుక్కను ఎక్కించారు. ఏసోబు మంచె మీద నిలబడి తాళ్ళు లాగించాడు, కడ్డీ లేచింది, కింద సిమెంటు పూశారు, లోపల బల్బు వెలిగించారు. పిల్లలు చాపల మీద కూర్చుని పాట ఎత్తుకున్నారు. మామ గోడకు దూరంగా, తల పైకెత్తి, సరిగ్గా చుక్క లేని వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్త వెళ్ళి పక్కన నిలబడింది.

"నిలవడ్డదా?" అని అడిగాడు.

"నిలవడ్డది."

"వంకరున్నదా?"

"లేదు. ఎర్రగున్నది చుక్క. గాలొచ్చింది, జర ఊగింది, మల్ల నిలవడ్డది."

"కడ్డీ కానొస్తాందా?"

అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కింద కానొస్తాంది. పోను పోను సన్నగయ్యి మీదికి పోయినంక కానరాదు. చుక్క ఉత్తగనే ఆకాశంల ఉన్నట్టున్నది."

మామ ఆమె భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు.